ఇల్లు ఇచ్చేసి గుమ్మం తెచ్చుకున్నాం

చల్లపల్లిలో మా ఇల్లు మా ఆవిడ పేరున మార్చడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. ఈ మాట నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. విన్నవాళ్ళంతా "అయ్యో, పన్నెండేళ్ళే!" అని నోరు తెరిచేసరికి తగ్గించబుద్ధి కాలేదు. ఇప్పుడు రాతలో పెడుతున్నాను కాబట్టి సరిగ్గా చెప్తాను. రెండు వేసవులూ, మధ్యలో ఒక వానాకాలమూ పట్టింది. ఆ వానాకాలంలో సగం రోజులు నేను ఆ సంగతే మర్చిపోయాను.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. గుడివాడ నుంచి బందరు, బందరు నుంచి చల్లపల్లి, అక్కణ్ణుంచి అవనిగడ్డ. దివిసీమలో నన్ను ఎరగని కోడిపిల్ల కూడా లేదని చెప్పుకునేవాణ్ణి. గంపల్లో కోళ్ళు పెట్టుకుని ఎక్కేవాళ్ళతో నేను పెట్టుకున్న గొడవలు తలుచుకుంటే అది మరీ పెద్ద అబద్ధమేం కాదు.

తొంభైల్లో మా వైపు వాస్తు జ్వరం పట్టుకుంది. గేట్లు మార్చారు, మెట్లు కొట్టారు, నిక్షేపంలాంటి నూతులు పూడ్చారు. మా వీధిలో ఒకాయన ఏడాదిలో వంటిల్లు నాలుగు మూలలా తిప్పాడు. పాపం వాళ్ళావిడ పొద్దున్నే లేచి పొయ్యి ఎక్కడుందో వెతుక్కునేది. ఈ పొయ్యి వెతుక్కోవడం నేను కలిపింది. వంటిల్లు తిప్పడం మాత్రం నిజం.

అప్పటికి మా ఇల్లు ఉత్తరపు ఇల్లు. దానికి ఉత్తరాన పంట బోదె పారేది. మాకు దక్షిణాన మా బావ ఇల్లు. బావ అంటే చుట్టరికమేమీ లేదు. పక్కింటివాడు. వచ్చిన మొదటి రోజున నిచ్చెన అడగడానికి వచ్చి "బావా" అన్నాడు, అంతే, ఇప్పటికీ బావే. ఆయనింటికి దక్షిణాన రైసుమిల్లు గోడ. రెండిళ్ళూ ఒక మేస్త్రీయే కట్టాడు. కిటికీకి కిటికీ, గుమ్మానికి గుమ్మం, కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. తేడా అల్లా ఎదురుగా వచ్చే సందులో ఉంది. ఆ సందు తిన్నగా వచ్చి బావగారి గుమ్మంలో దూరుతున్నట్టు ఉండేది. దాన్నే వీధిపోటు అంటారు.

ఆ రోజుల్లో బావకి ఏం పట్టుకున్నా కలిసిరాలేదు. నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు వేస్తే రొయ్యలకి తెగులొచ్చింది. గేదె ఈని దూడని తన్నేసింది. ఆయన బందరు నుంచి ఒక సిద్ధాంతిగారిని తీసుకొచ్చాడు. సిద్ధాంతిగారు సందు మొదట్లో నిలబడి, ఒక కన్ను మూసి, తుపాకి గురి చూసినట్టు ఇంటికేసి చూసి, "ఈ పోటు స్థిరంగా ఉండేవాడికి చేటు. ఎప్పుడూ రోడ్డు మీద ఉండేవాడికి మేలు" అన్నారు. నేను అప్పుడే డ్యూటీ దిగి, సంచీ భుజాన వేసుకుని ఆ సందులోంచే వస్తున్నాను. ఇద్దరూ నాకేసి తిరిగారు.

"బావా, ఇళ్ళు మార్చుకుందామా?" అన్నాడు బావ.

"సీటు మార్చుకున్నంత పని. ఎప్పుడంటే అప్పుడే" అన్నాను నేను. కండక్టరు బుద్ధి. ఎవరు ఎక్కడ కూర్చున్నా బస్సు కదిలితే చాలు నాకు.

తాంబూలాలు మార్చుకున్నాం. ఊరు ఊరంతా కదిలొచ్చి చూసిందని నేను చెప్తుంటాను. మిల్లు హమాలీలు ఒక పదిమంది వచ్చారు, వాళ్ళు కూడా టీ విరామం కాబట్టి వచ్చారు. సామానంతా గోడ మీదుగానే అందించుకున్నాం. అంతా సాఫీగా అవుతోందనుకుంటే మా ఆవిడ గడప మీద కూర్చుంది.

"ఇల్లు ఇస్తే ఇచ్చారు. ఈ గడపకి నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ పసుపు రాస్తున్నాను. దీన్ని వదిలి నేను రాను" అంది.

బావ భార్య, నేను చెల్లెమ్మా అని పిలుస్తాను, అవతలి గడప మీంచి అందుకుంది. "నేను మాత్రం నా గడప వదులుతానా వదినా? నువ్వు చెప్పేదాకా నాకు తట్టలేదు గానీ!"

ఇక చేసేదేముంది. వడ్రంగిని పిలిచి రెండిళ్ళ ద్వారబంధాలూ గడపలతో, తలుపులతో సహా ఊడదీయించి, అటుది ఇటూ ఇటుది అటూ బిగించాం. కొలతలొకటే కాబట్టి చక్కగా కూర్చున్నాయి. పంచాయతీ వాళ్ళు కొట్టిన ఇంటి నంబరు రేకులు ఆ ద్వారబంధాల మీదే ఉన్నాయి. గుమ్మాలతోపాటు అవీ వెళ్ళిపోయాయి. కరెంటు మీటర్లు గోడలకి ఉన్నాయి. అవి ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మాలో ఒక్కరికీ ఈ రెంటి సంగతీ స్ఫురించలేదు. కాగితం రాసుకుందామా అని బావ ఒక్కసారి అన్నాడు. "మన మధ్య కాగితమేంటి బావా!" అని నేను ఛాతీ విరిచాను. ఆ ఛాతీ విరవడమే తర్వాత రెండు వేసవులు తిప్పింది.

బావకి నిజంగానే కలిసొచ్చింది. రొయ్యలు మానేసి ముదినేపల్లి వైపు చేపల చెరువులు వేశాడు. వారంలో ఎక్కువ రోజులు ఆ గట్ల మీదే ఉండేవాడు. మాకూ ఏ చేటూ రాలేదు. వేసవిలో ఆ సందులోంచి గాలి సర్రుమని వచ్చి మా హాల్లో పడేది. ఫ్యాను వేసే పనే లేదని గొప్పలు చెప్పేవాణ్ణి. అబద్ధం. ఫ్యాను వేసుకునే చెప్పేవాణ్ణి.

నేను రిటైరై ఇంట్లో కూర్చున్న కొత్తల్లో ఒక రోజు కరెంటు బిల్లు అబ్బాయి గేటు దగ్గరికొచ్చి, ఎప్పటిలాగే బావ పేరు పెట్టి ఒక కేక వేసి, బిల్లు గేటుకి గుచ్చి వెళ్ళాడు. మా ఆవిడ అది తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"ఏవండీ, ఈ లోకంలో నా పేరున ఏముంది?"

"నేనున్నానుగా" అన్నాను.

"మీరు వేళాకోళాలకి ఉన్నారు. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ఏ కాగితమొచ్చినా మా నాన్న పేరున. పెళ్ళయ్యాక మీ పేరున. ఇప్పుడు చూస్తే పక్కింటాయన పేరున! కరెంటు వాళ్ళ లెక్కలో నేను ఆయనింట్లో కాపురం చేస్తున్నాను."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడది పెడన. కలంకారీ అద్దకం వాళ్ళ పిల్ల. వాళ్ళింట్లో గుడ్డ మీద గుడ్డ అద్ది ఊళ్ళకి పంపినా ఏ మూటమీదా ఆడవాళ్ళ పేరు ఉండేది కాదట.

"ఈ ఇల్లు నా పేరున రాయండి. నేను ఏలుకోవడానిక్కాదు. ఒక్క బిల్లన్నా నా పేరున రావాలి. ఆ అబ్బాయి గేటు దగ్గర నిలబడి నా పేరు పెట్టి పిలవాలి. అది వినాలి నేను" అంది.

"వారం తిరిగేసరికి పిలిపిస్తాను" అన్నాను.

కరెంటాఫీసులో దస్తావేజు తెమ్మన్నారు. దస్తావేజు రాయించడానికి రిజిస్ట్రారాఫీసు ఎదుట షెడ్డులో కూర్చునే లేఖరిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నా పాత దస్తావేజు విప్పి, హద్దులు హరికథలా రాగం తీస్తూ చదివారు.

"ఉత్తరం పంట బోదె..."

"ఉత్తరాన బోదె కాదండీ, మా బావ ఇల్లు."

"దక్షిణం కదండీ మీ బావగారిల్లు?"

"దక్షిణాన మిల్లు గోడండీ."

ఆయన రాగం ఆపారు. "అయితే మీ ఇల్లు జరిగిందాండీ?"

"ఇల్లు జరగలేదండీ, మేం జరిగాం."

కథంతా చెప్పాను. ఇంటిపన్ను రసీదు చూపించమన్నారు. అది నా పేరునే ఉంది. ఉండక? నంబరు రేకు మా గుమ్మంతోనే వచ్చింది, పన్ను బంట్రోతు రేకు చూసి రసీదు రాశాడు. ఆయన రసీదు ఒక చేత్తో, కరెంటు బిల్లు ఒక చేత్తో పట్టుకుని, తక్కెడ తూచినట్టు కాసేపు చూశారు.

"బాబూ, మీరుండేది ఒక ఇల్లు. దస్తావేజు ఇంకో ఇల్లు. దానమివ్వాలంటే ముందు అది మీదై ఉండాలి కదా. ఇప్పుడున్నపళంగా మీ భార్యగారికి మీరు రాసివ్వగలిగింది మీ బావగారు కాపురమున్న ఇల్లు. రాసెయ్యమంటారా?"

షెడ్డులో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. బయటికొచ్చాక నవ్వు రాలేదు. ముందు బావా నేనూ ఇళ్ళు మార్చుకున్నట్టు మార్పిడి దస్తావేజు రాసుకోవాలి, ఆ తర్వాతే మా ఆవిడకి దానం. ఈలోగా రేకులు ఎక్కడివక్కడ కొట్టించి పంచాయతీ నుంచి కాగితం తేవాలి. రేకుల పనికే పంచాయతీ ఆఫీసు చుట్టూ వెయ్యి ప్రదక్షిణాలు చేశాను. వెయ్యి కాదు. కానీ ఆఫీసు ముందు పెసరట్ల బండివాడు నన్ను చూడగానే ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టేవాడు, లెక్క మీరే వేసుకోండి. చివరికి పంచాయతీ ఆయన స్వయంగా వచ్చి రెండు గుమ్మాల ముందూ మార్చి మార్చి నిలబడి, "ఇదేంటండీ, నంబర్లు వెనక్కి నడుస్తున్నాయి!" అని, రేకులు పీకించి ఏ ఇంటి నంబరు ఆ ఇంటి గోడకి కొట్టించాడు. చెల్లెమ్మా, మా ఆవిడా వాటికి కూడా పసుపు రాశారు.

ఇక బావ సంతకం. ఉచిత పాసు ఉంది కదా అని బందరు, గుడివాడ మీదుగా ముదినేపల్లి వెళ్ళాను. బావ చెరువు గట్టు మీద లుంగీ ఎగ్గట్టి చేపల మేతకి నీళ్ళలో వేలాడదీసే తవుడు బస్తాలకి చిల్లులు పెట్టిస్తున్నాడు. సంగతంతా విని రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేస్తే చెరువులో పడేవాడు.

"ఆ కాగితంలో ఏమని రాస్తారు బావా?"

"పోటున్న ఇల్లు నీది, నువ్వు నాకిస్తున్నావని."

"పోటున్న ఇల్లు నాది అని నా చేత్తో సంతకం పెట్టాలా? వద్దు బావా. ఒక్క నిమిషం అది నాదని ఒప్పుకున్నా ఈ చేపలు తెల్లారేసరికి తేలతాయి."

ఇక్కడ నేను నా తెలివి చూపించాను. చూపించకపోతే ఒక వేసవి మిగిలేది.

"పిచ్చి బావా! కాగితం ప్రకారం ఇన్నేళ్ళూ ఆ ఇల్లు నీదే. నీ పేరున ఉండగానే కదా నీకు ఇన్ని చెరువులొచ్చాయి? మరి పోటు ఏం చేసింది నిన్ను?"

బావ తవుడు చేతులు దులుపుకున్నాడు. చెరువుకేసి చూశాడు. నాకేసి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అంటే ఆ ఇల్లు నాకు కలిసొచ్చిందంటావ్!"

"అదే కదా చెప్తున్నది."

"మరి కలిసొచ్చిన ఇల్లు నీకెందుకిస్తాను బావా? అసలివ్వను!"

గట్టు మీద మట్టి పిసుక్కుంటూ గంటసేపు వాదించాను. అంతకు ముందు ఆ ఇల్లంటే భయపడి సంతకం పెట్టనన్నవాడు ఇప్పుడు ఆ ఇల్లంటే ప్రేమ పుట్టి సంతకం పెట్టనన్నాడు. పోనీ భోజనం పెట్టకుండా పంపాడా అంటే అదీ లేదు. బొచ్చె చేప పులుసు పెట్టాడు. తిరుగు బస్సులో, ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని దారంతా కథ అల్లుకున్నాను. బావకి జ్వరంగా ఉందని చెప్దామనుకున్నాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే మా ఆవిడ, "ఏమన్నారు?" అంది. ఆ మొహం చూసి జ్వరం కథ గుమ్మంలోనే వదిలేశాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి, "వదినా!" అని పిలిచింది. చెల్లెమ్మ చేతిలో చేట పట్టుకునే వచ్చింది. ఇద్దరూ గోడకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నారు. నాకు సగం సగం వినపడింది. మొదట గొణుగుడు, తర్వాత నవ్వులు, తర్వాత, "అయితే నాకు మాత్రం ఎందుకు ఉండకూడదు?" అన్న చెల్లెమ్మ గొంతు.

శనివారం బావ రాగానే చెల్లెమ్మ మమ్మల్నిద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టింది.

"అన్నయ్యగారూ, మీ దస్తావేజులో ఉన్న ఇల్లు మీరు వదిన పేరున రాయండి. ఏవండీ, మీ దస్తావేజులో ఉన్న ఇల్లు మీరు నా పేరున రాయండి. ఆ పైన మేమూ మేమూ మార్చుకుంటాం. మీ ఇద్దరికీ మార్చుకోవడం రాదని తేలిపోయింది కదా."

"కలిసొచ్చిన ఇల్లే..." అని నసిగాడు బావ.

"అంత కలిసొస్తే పదండి, ఇప్పుడే సామాను సర్దుతాను. దస్తావేజు మీదే కదా, పోయి ఆ పోటింట్లోనే ఉందాం. అన్నయ్యగారూ, మీరు లేవండి. మళ్ళీ వడ్రంగిని పిలుస్తాను."

బావ గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఇల్లు పేరున ఉండాలి గానీ అందులో పడుకోవడానికి మాత్రం ఆయనకి గుండె లేదు.

"నీ పేరున అయితే రాస్తాను. తర్వాత నువ్వేం చేసుకుంటావో నీ జాతకం" అన్నాడు.

"నా జాతకం సంగతి నేను చూసుకుంటాను" అంది చెల్లెమ్మ.

ఒప్పుకున్నాడే గానీ మంచిరోజు కావాలన్నాడు. మూఢమి అన్నాడు. మూఢమి వెళ్ళాక ఆషాఢమన్నాడు. శ్రావణంలో మంచి రోజులన్నీ ఆఫీసు సెలవురోజుల్లో పడ్డాయి. ఆ తర్వాత వానలు, వానల వెనక చేపలు పట్టే రోజులు. నేను సంగతే మర్చిపోయానని మొదట్లో చెప్పింది ఈ రోజుల గురించే. మా ఆవిడ మర్చిపోలేదు. బిల్లు వచ్చిన ప్రతిసారీ దాన్ని నా కంచం పక్కన పెట్టేది.

రెండో వేసవిలో ఒక గురువారం అన్నీ కుదిరాయి. మా ఆవిడ పుట్టింటి అద్దకం చీర కట్టింది. చెల్లెమ్మ గద్వాల చీర కట్టింది. మొదటి రెండు దాన దస్తావేజులూ పొద్దున్నే అయిపోయాయి. బావ కళ్ళు మూసుకుని, ఇష్టదేవతని తలుచుకుని సంతకం పెట్టాడు. మూడోది, వదినా వదినా మార్చుకునేది, అవ్వబోతుంటే కరెంటు పోయింది. కొత్తగా పెట్టిన కంప్యూటర్లన్నీ ఒకేసారి నల్లబడ్డాయి. అందరం చెమటలు కక్కుతూ చెట్టు కింద కూర్చుని పుచ్చకాయ ముక్కలు తిన్నాం. కరెంటు వచ్చేసరికి బావ గడియారం చూసి లేచాడు.

"రాహుకాలం వచ్చేసింది. రేపొద్దాం."

మా ఆవిడ నాకేసి చూసింది. అప్పుడు నేనొక మంచి పని చేశాను. నా గడియారం బావ మొహం ముందు పెట్టి, "నీది పరుగెడుతోంది బావా, ఇంకా టైముంది. కండక్టరు గడియారం తప్పుతుందా?" అన్నాను. నా గడియారం ఆ రోజు పొద్దున్న నుంచీ ఆగిపోయి ఉంది.

ఆయన గడియారాలు సరిచూసుకునే లోపల చెల్లెమ్మ లేచింది. "అన్నయ్యగారి గడియారం సంగతి నాకెందుకు గానీ, ఇది నా ఇల్లు, సంతకం నాది. రాహువుకి పని ఉంటే మీతో చెప్పుకోమనండి. పద వదినా."

లోపల రిజిస్ట్రారుగారు మామూలుగా అడిగే ప్రశ్న అడిగారు. "ఏమ్మా, ఇది మీ ఇష్టప్రకారమే రాసుకున్నారా? ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా?"

"మాకా? బలవంతమా?" అంది మా ఆవిడ. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారు. బొటనవేలు ముద్ర వేస్తూ కూడా నవ్వుతూనే ఉన్నారు. మా ఆవిడ ముద్ర కదిలిపోతే ఇంకోటి వేయించారు. అద్దకం వాళ్ళ పిల్లకి అచ్చు కదలడం నేను చూసింది అదొక్కసారే.

"సాక్షులెవరు?" అన్నారు.

మమ్మల్ని పిలిచారు. కట్టించిందీ, మారిందీ, ఛాతీ విరిచిందీ మేం. చివరికి దస్తావేజు అడుగున, సాక్షుల దగ్గర మిగిలాం. బావ రాహుకాలంలో సాక్షి సంతకానికి దోషముండదని తనే నాకు చెప్పి పెట్టేశాడు.

దస్తావేజు చేతికి రావడానికీ, కరెంటాఫీసులో పేరు మారడానికీ ఇంకో నెలన్నర పట్టింది. ఒక పొద్దున్న నేను అరుగు మీద పేపరు చదువుకుంటున్నాను. మా ఆవిడ లోపల ఉంది. బిల్లు అబ్బాయి గేటు దగ్గర నిలబడి, బిల్లులో చూసి, ఒక పేరు గట్టిగా పిలిచాడు. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. నేను ఆ పేరు ఇక్కడ రాయను. పెళ్ళిశుభలేఖలో చూసిన తర్వాత నేనెప్పుడూ పలకని పేరు అది. నాకు ఆవిడ "ఇదిగో" మాత్రమే.

"ఆ పేరు గలవాళ్ళు ఇక్కడెవరూ లేరే!" అన్నాను.

అబ్బాయి మళ్ళీ చూసుకుని, ఇంకా గట్టిగా, వీధి చివరికి వినపడేలా పిలిచాడు. లోపల గిన్నె కింద పడిన చప్పుడైంది. మా ఆవిడ చేతులు చీరకి తుడుచుకుంటూ గేటు దాకా దాదాపు పరుగెత్తింది.

"నేనే బాబూ! నేనే! ఇలా ఇయ్యి."

అలవాటు లేక పొరపాటున అన్నానని ఆవిడతో చెప్పాను. ఆవిడ నమ్మింది. పొరపాటేమీ కాదు. మొదటి పిలుపు వంటింట్లోకి వినపడి ఉండదని, రెండోసారి పిలిపించాలని అన్నాను.

గోడ అవతల నుంచి చెల్లెమ్మ, "వచ్చిందా వదినా? నాదీ వచ్చింది!" అని బిల్లు ఊపుతోంది. ఇద్దరూ గోడ మీద బిల్లులు పక్కపక్కన పెట్టుకుని పేర్లు చదువుకున్నారు. ఆ తర్వాత మా ఆవిడ కళ్ళజోడు తెప్పించుకుని పేరు కింద ఏముందో కూడా చదివింది. కనుబొమలు పైకి లేచాయి. లోపలికొచ్చింది. నేను అప్పటికే హాల్లోకి మారి, ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని, వీధిపోటు గాలి గురించి ఎవరితోనో ఫోనులో గొప్పలు చెప్తున్నాను.

ఆవిడ తిన్నగా వెళ్ళి స్విచ్చి కట్టేసింది.

"ఇక మీదట అడిగి వేసుకోండి. బిల్లు నా పేరున వస్తోంది" అంది.